అరికాలితో కొన్న స్థలం

ఈ సంగతి ఇన్నేళ్ళూ ఎందుకు రాయలేదంటే, నాకు రాయడం రాక. యాభై రెండేళ్ళు దాటాక వయోజనుల బడిలో పలక పట్టాను. అక్షరాలు కుదిరాక నా గొప్పలు రాద్దామని కూర్చుంటే ఒక్కటీ గుర్తు రాలేదు. ఈ ఘనకార్యం మాత్రం నేనున్నానంటూ ముందుకొచ్చింది. నా రెండు కాళ్ళు కలిసి రెండు కొంపలు ముంచబోయిన కథ ఇది.

అప్పటికి రెండు వేల సంవత్సరం దాటి నాలుగైదేళ్ళయింది. మా గుంటూరు వైపు స్థలాల పిచ్చి ముదిరింది. మిరపకాయ అమ్ముడై ఉగాది దగ్గరపడితే చాలు, ఏజెంట్లు బెల్లం చుట్టూ ఈగల్లా ముసిరేవారు. కొండ కింద చేలల్లో రాళ్ళు పాతి, రంగు జెండాలు కట్టి, వ్యానెక్కించి, పులిహోర పెట్టి మరీ చూపించేవారు. పోయిన వారం ధర ఈ వారం ఉండేది కాదు.

మాకు ఇల్లు అవసరం. అద్దెకున్న ఇల్లు ఖాళీ చెయ్యమన్నారు. మా ఆడపడుచు సుబ్బాయమ్మ, భర్త పోయాక మా దగ్గరే ఉండేది. తన గాజులమ్మి తనూ ఒక స్థలం కొంటానంది. ఆవిడ బతుకులో కొనబోయేది అదొక్కటే.

ఏజెంటు సైదులు మమ్మల్ని తీసుకెళ్ళి రెండు వరసలు చూపించాడు. పడమటి దిక్కున కొండ. దాని పక్క వరస మీద అప్పుడే నీడ వాలుతోంది. రోడ్డు వరస పెనంలా కాలుతోంది.

"అక్కయ్యగారూ, నీడ వరస తీసుకోండి. కాస్త ధర ఎక్కువే గానీ హాయిగా ఉంటుంది."

ధర ఎక్కువని వాడే చెప్పాడంటే ఇందులో ఏదో ఉందనుకున్నాను. ముప్ఫై ఏళ్ళుగా మిరపకాయలు ఎండబెట్టే కల్లానికి చోటు వెతికినదాన్ని, నన్నే మోసం చేస్తాడా? చెప్పులు విప్పి నీడ వరసలో నిలబడ్డాను. చల్లగా తగిలింది. ఛీ! రోడ్డు వరసలోకి వెళ్ళాను. అరికాలు చుర్రుమంది. ఆహా!

"ఇదే కావాలి," అన్నాను.

"వదినా, కాలు పెట్టలేకపోతున్నా," అంది సుబ్బాయమ్మ, కోడిపిల్లలా గెంతుతూ.

"అదేనే దీని గొప్ప! ఆ వైపు తేమ, మసక. ఇక్కడ సాయంత్రం దాకా ఎండే ఎండ! నా మాట విని నా పక్కదే తీసుకో."

"మా ఆవిడకి నేల సంగతి తెలుసు," అన్నాడు మా ఆయన గర్వంగా.

సైదులు నోరు తెరిచి, వెంటనే మూశాడు. పొద్దుటినుంచీ ఆ వరస వైపు చూసినవాళ్ళే లేరట పాపం. "మీ చూపే చూపండీ!" అని ఇద్దరి దగ్గరా బయానా పుచ్చుకున్నాడు.

సాయంత్రం అన్నాలు తింటుంటే మా ఆయన మొదలెట్టాడు. "మంచం ఎటు వేద్దామే?"

"పడమటి గోడ పక్కన."

"అటు మధ్యాహ్నం ఎండ కొట్టదూ?"

"కొట్టాలి! కొట్టకపోతే ఎట్లా ఎండు..."

ముద్ద నోట్లోనే ఆగిపోయింది.

"ఎండేది ఎవరే?" అన్నాడు.

ఇల్లు కట్టుకోవడానికి వెళ్ళి నేను కల్లం కొనుక్కొచ్చాను! అందులో ఆరబోసుకునేది కాయల్ని కాదు, మా ఆయన్ని! ఆయన పొలమారేదాకా నవ్వాడు. సుబ్బాయమ్మ నవ్వలేదు. కంచంలోకి చూస్తూ, "నేను వేసుకోగలిగేది రేకుల ఇల్లే కదా వదినా," అంది మెల్లిగా.

అప్పుడు నా అరికాలు కాదు, గుండె చుర్రుమంది.

చెయ్యి కడుక్కుని దేవుడి పటం ముందు నిలబడ్డాను. స్థలమైనా, సంబంధమైనా, చివరికి చాపైనా సరే, ఈ జన్మలో కాలితో తొక్కి బేరమాడనని కర్పూరం వెలిగించి ఒట్టు పెట్టుకున్నాను.

మర్నాడు తెల్లారగానే సుబ్బాయమ్మని వెంటబెట్టుకుని సైదులు ఇంటి ముందు నిలబడ్డాను. వాడు వేపపుల్లతో బయటికొచ్చి మమ్మల్ని చూసి గతుక్కుమన్నాడు. నీడ వరసకి మార్చమన్నాను.

"నీడ వరసలో ఒక్కటే మిగిలిందండీ."

"అది మా సుబ్బాయమ్మ పేరున రాయి. పైన పడే డబ్బు మేం వేస్తాం."

"మరి మీరు?"

"మాదేముంది నాయనా, మిరపకాయ జాతి. ఎండేకొద్దీ ధర పలుకుతాం," అన్నాను.