వీడియోకు నాలుగు హద్దులు

ఆ రోజుల్లో అని మొదలుపెడితే ఏ తాతల కాలమో అనుకుంటారు. అంత పాత సంగతి కాదు. ఇంట్లో మనిషికో ఫోను, ఫోనుకో ఛానెల్ వచ్చేసిన రోజులే. నరసరావుపేటలో డిగ్రీ అయిందనిపించుకుని ఊళ్ళో ఖాళీగా తిరుగుతున్న నాకు, లోకంలో కష్టం లేని పని ఏదైనా ఉంటే అది వీడియో తీయడమేనని గట్టి నమ్మకం ఉండేది. ఎత్తి పట్టుకోవడానికి ఒక చెయ్యి, ఆ చేతిలో ఒక ఫోను ఉంటే చాలనుకునేవాణ్ణి. అందులో ఇంకెవరి చేతులుంటాయో, ఎవరి హక్కులుంటాయో చెప్పినవాళ్ళు లేరు. చెప్పినా వినే వయసు కాదు.

నా ఛానెల్ నిండా బండలాగుడు పోటీలే. మా పల్నాడులో తిరునాళ్ళ వచ్చిందంటే ఎడ్ల జతలకు పెద్ద రాతిబండ కట్టి లాగిస్తారు. ఇచ్చిన సమయంలో ఎక్కువ దూరం లాగిన జతది గెలుపు. మాచర్ల నుంచి నకరికల్లు దాకా ఎక్కడ పోటీ ఉంటే అక్కడికి ఎవరి బండి వెనకాలో ఎక్కి వెళ్ళిపోయేవాణ్ణి. మధ్యాహ్నపు ఎండకు ఫోను కాగిపోయి, సరిగ్గా బండ కదిలే సమయానికి తెర నల్లబడేది. అందుకని దానికి తడి తువ్వాలు చుట్టేవాణ్ణి (నా నెత్తి మీద మాత్రం ఏమీ ఉండేది కాదు). తీసినదాన్ని ఎక్కించాలంటే మా ఊరి నీళ్ళ ట్యాంకు ఏడో మెట్టు మీద కూర్చోవాలి. ఆరో మెట్టు మీద సిగ్నలు రాదు, ఎనిమిదో మెట్టు మీద వచ్చింది పోతుంది. ఆ ఏడో మెట్టు మీద నా యవ్వనంలో ఒక భాగం గడిచిపోయింది.

మా నాన్న మిరప రైతు. ఆయనకు నా వ్యాపకం బొత్తిగా గిట్టేది కాదు. "ఎడ్లు లాగుతుంటే చూడు, తప్పులేదు. ఎడ్లు లాగుతున్నయ్యని జనానికి చూపించటం ఒక పనేందిరా?" అనేవాడు. చివరికి ఒక గడువు పెట్టాడు. ఆ ఛానెల్ దసరా దాకా నిలబడితే సరే, లేకపోతే పేటలో మావయ్య పురుగుమందుల కొట్లో కూర్చోవాలి. మావయ్య అప్పుడే గల్లాపెట్టె పక్కన నాకోసం ఒక స్టూలు కూడా వేయించేశాడు. ఆ కొట్టు గడప తొక్కితేనే నాకు కళ్ళు తిరిగేవి. జీవితమంతా ఆ వాసనలో ఆ స్టూలు మీద గడపడమనే ఊహకే నిజంగా భయమేసేది.

ఇంతలో మొదటి ఉత్తరం వచ్చింది. ఇంగ్లీషులో, నమస్కారంతో మొదలైంది కాబట్టి వీడియో కంపెనీ వాళ్ళు నన్ను మెచ్చుకుంటున్నారనుకుని ఇద్దరు స్నేహితులకు చూపించాను కూడా. మూడోవాడు కాస్త చదువుకున్నవాడు. వాడు చదివి, నా భుజం మీద చెయ్యి వేశాడు. నా వీడియోలో వినిపించిన సినిమా పాట వేరేవాళ్ళ సొత్తట. వాళ్ళ అనుమతి లేకుండా వాడుకున్నందుకు ఒక తప్పు నమోదు చేశారట. మూడు తప్పులైతే ఛానెల్ మూసేస్తారట.

నేనేం పాట పెట్టలేదే అని నెత్తి కొట్టుకున్నాక గుర్తొచ్చింది, పెట్టింది మైకు మామ. చుట్టుపక్కల ఏ పోటీకైనా మైకుసెట్టు ఆయనదే. ఈల పడగానే హుషారు పాట ఒకటి ఆకాశం బద్దలయ్యేలా వేసేవాడు. మామా, ఆ పాట వల్ల నా మీద చట్టం వచ్చి పడిందయ్యా అంటే నమ్మలేదు. "నేను పాతికేళ్ళ నుంచి వేస్తన్నా. నన్నెవడూ ఏమన్లా. ఎద్దుల్ని తీసినోడికి పాటతో ఏం పనిరా?" అన్నాడు. తర్వాతి వీడియోలో పాట మీద నా గొంతుతో అరిచి కప్పేద్దామని చూశాను. కంపెనీ వాళ్ళ యంత్రం నా అరుపును పక్కకు తోసి కింద ఉన్న పాటను పట్టుకుంది. రెండో తప్పు. ఆ తర్వాత శబ్దమంతా తీసేసి పెట్టాను. చూసినవాడొకడు కింద రాశాడు: "అన్నా, ఎడ్లకు ఒంట్లో బాగాలేదా?"

ఇక మిగిలింది ఒక్క తప్పు చేసేంత చోటు. దసరా నెల్లాళ్ళలో ఉంది. గురజాల పక్కన జరగబోయే పోటీ ఒక్కటే నాకు దిక్కు. దానికి ఉలవల పెద్దమ్మ జత వస్తోంది. పెద్దమ్మ మాకు చుట్టం కాదు, ఊరి వరస. భర్త పోయాక ఎడ్లను తనే పెంచి, చేత్తో ఉడకబెట్టిన ఉలవలు పెట్టి, వాటిని పెద్దోడు, చిన్నోడు అని పిలుచుకునే మనిషి. వాటిని కర్రతో తాకినవాడు ఆ గడప మళ్ళీ తొక్కలేదు. అయితే ఆమెకు ఫోను పట్టుకున్నవాడంటే మంట. అంతకుముందు ఏడాది చిన్నోడు బరిలో కూలబడితే, ఎవడో ఆ ముక్క కత్తిరించి, దానికి ఒక చెత్త పాట తగిలించి ఊరూరా తిప్పాడు.

వెళ్ళి అడిగాను. పెద్దమ్మ దూడకు గడ్డి వేస్తూ నా వైపు చూడకుండానే అంది.

"నా ఎడ్లను తీత్తావా? తియ్యి. కాయితం రాసియ్యి."

"కాయితం ఏంది పెద్దమ్మా, వీడియోకి?"

"కౌలుకిస్తే కాయితం రాయట్లా? నా ఎడ్ల మీద సినిమా పాట పెట్టగూడదు. ఎగతాళి చెయ్యగూడదు. నేనేమన్నా అరిస్తే అరిచింది అరిచినట్టే ఉండాల. ఇంకోడి చేతికి ఇయ్యగూడదు. స్టాంపు మీద రాసి తీసుకురా, వేలిముద్ర ఏత్తా."

పాట వద్దనే షరతు నాకు పాయసంలా అనిపించింది. రిజిస్ట్రారు ఆఫీసు వరండాలో కూర్చునే దస్తావేజుల తాత దగ్గరకు పరుగెత్తాను. ఆయన జీవితంలో పొలాలు, స్థలాలు తప్ప ఏమీ రాయలేదు. అంతా విని, కళ్ళజోడు సర్దుకుని, "హద్దులు చెప్పు" అన్నాడు. వీడియోకు హద్దులు ఉండవు తాతా అన్నాను. "హద్దుల్లేని దస్తావేజు చెల్లదబ్బాయ్. చెప్పు, తూర్పునేముంది?" అన్నాడు. చేసేదిలేక పోటీ జరిగే చోటును కళ్ళముందు తెచ్చుకుని చెప్పాను. తూర్పున కమిటీ వారి షామియానా, దక్షిణాన జనం, పడమర మిరపచేను, ఉత్తరాన మైకుసెట్టు. ఈ నాలుగు హద్దుల మధ్య గల సదరు ఎడ్లు, సదరు బండ, పెద్దమ్మ మాట, కేకలతో సహా, జల తరు పాషాణ నిధి నిక్షేపములతో కూడిన సదరు వీడియోను నేనును, నా తరువాతి వారును పుత్రపౌత్ర పారంపర్యముగా నిరాటంకముగా అనుభవించవలసినదని రాసి, పెద్దమ్మ షరతులు కింద చేర్చి, ఆమె చేత వేలిముద్ర, ఇద్దరు సాక్షుల చేత సంతకాలు పెట్టించాడు. (పాషాణం, అంటే రాయి, నిజంగానే ఉంది కాబట్టి ఆ ఒక్క మాటకు నేను అభ్యంతరం చెప్పలేకపోయాను. నిధి కోసం ఇప్పటికీ వెతుకుతున్నాను.)

పోటీ రోజున నేనూ పెద్దమ్మా కలిసి మైకు మామ ముందు నిలబడ్డాం. ఈ ఒక్క జతకు పాట ఆపమన్నాం. మామ ముఖం చిన్నబోయింది. "పాట లేకుండా పందెమా? ఇది పందెమా, పరీక్ష హాలా?" అన్నాడు. పెద్దమ్మ ఒక్క చూపు చూసింది. మామ పాట కట్టేశాడు.

పెద్దోడు, చిన్నోడు బరిలోకి వచ్చారు. బండ కట్టారు. ఈల పడింది. అంత జనంలో అంత నిశ్శబ్దం నేనెన్నడూ ఎరగను. ఎడ్లు కదల్లేదు. చెవులు అటూ ఇటూ తిప్పుతున్నాయి. జనం, పాట, గోల మధ్య లాగడం అలవాటైన వాటికి, ఏదో జరగకూడనిది జరిగిందని తోచినట్టుంది. తోలేవాడు ఎంత అదిలించినా అంగుళం లేదు. మావయ్య కొట్లో స్టూలు నా కళ్ళకు కట్టింది. దక్షిణపు హద్దులో ఎవరో నవ్వారు. అప్పుడు పెద్దమ్మ కొంగు నడుముకు దోపి, ఉత్తరపు హద్దు దగ్గరకు నడిచి, మామ చేతిలోంచి మైకు లాక్కుంది.

"ఒరేయ్ పెద్దోడా. ఒరేయ్ చిన్నోడా. నేనిక్కడే ఉన్నా. పొద్దున తిన్న ఉలవలు ఏమైనయ్‌రా? మీకు కడుపునొప్పొస్తే మూడు దినాలు నేను కూడు ముట్టలా. నా కూతురి పెళ్ళినాడు పందిట్లో లేకుండా మీకాడ కూకున్నా. ఇయ్యాల ఈళ్ళందరి ముందూ నన్ను నిలబెట్టి చూత్తన్నారా? పదండ్రా."

ఆ గొంతు వినగానే రెండు తలలూ ఒక్కసారి పైకి లేచాయి. బండ కదిలింది. పెద్దమ్మ ఆపలేదు. వాటి పుట్టుక, పళ్ళు ఊడటం, దొడ్డి దాటి శనగచేలో పడి మేయడం, ఆ చేను వాళ్ళతో తను పడిన తగాదా, అన్నీ మైకులో వరసగా దెప్పుతూనే ఉంది. ఒక్కో దెప్పుకు బండ కొంత ముందుకు పోయింది. జనం నవ్వడం మానేసి కేకలు వేయడం మొదలుపెట్టారు. గడువు అయ్యేసరికి ఆ రోజు ఎవరూ లాగనంత దూరం లాగేశాయి. మైకు మామ కండువాతో కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను. దుమ్ము అన్నాడు.

ఆ వీడియో ఎక్కించిన మర్నాటికి మా జిల్లా దాటింది, నాలుగో రోజుకు కృష్ణ దాటి తెలంగాణలో తిరిగింది. సరిగ్గా అప్పుడు మూడో ఉత్తరం. ఎవడో ముక్కూ ముఖం తెలియనివాడు నా వీడియోను యథాతథంగా తన ఛానెల్‌లో పెట్టుకుని, పైగా అది తనదేనని, నేనే దొంగిలించానని ఫిర్యాదు చేశాడు. వీడియో తీసేశారు. మూడో తప్పు పడింది. వారంలోగా జవాబు చెప్పుకోకపోతే ఛానెల్ మూత. జవాబు చెప్పుకోవాలంటే నా అసలు పేరు, ఇంటి చిరునామా ఇవ్వాలి, అవి ఫిర్యాదు చేసినవాడికి పంపుతారు, వాడు కేసు వేస్తే కోర్టుకు వస్తానని ఒప్పుకుని సంతకం పెట్టాలి. అది చదివి ట్యాంకు మెట్లు దిగేశాను. ఇంటికి వచ్చి, స్టూలు మీద కూర్చుంటాను నాన్నా అన్నాను.

నాన్న విషయమంతా అడిగి చెప్పించుకున్నాడు. ఆయనకు కాపీరైటు అర్థం కాలేదు గానీ ఒక్కటి అర్థమైంది. ముఖం ఎర్రబడింది.

"అంటే, మన గట్టు ఆడు తెగదున్ని, మనమే దున్నామని అర్జీ పెట్టాడా?"

"అట్టాంటిదే నాన్నా."

"నీకాడ కాయితం ఉందిగా?"

"ఉంది. కానీ కోర్టంటున్నారు నాన్నా. మన అడ్రసు వాడికి పంపుతారంట."

"పంపనీ. ఇల్లు తెలిస్తే మంచిదేగా, వచ్చి మాట్టాడతాడు. కోర్టు మనకేమన్నా కొత్తా? గట్టు తగాదాకి మీ తాత పద్దెనిమిదేళ్ళు తిరిగాడు. సంతకం పెట్టు."

ఆ సాయంత్రం ఏడో మెట్టు మీద నేను, ఆరో మెట్టు మీద మా నాన్న. మొదటి నుంచి చివర దాకా కత్తిరించని వీడియో, దస్తావేజు ఫోటో, హద్దుల వివరం అన్నీ జతచేసి పంపాం. జవాబు కింద "పడమర మిరపచేను ఇప్పటికీ ఉంది, వచ్చి చూసుకోవచ్చు" అని నాన్న పట్టుబట్టి రాయించాడు. పది పనిదినాలలో అవతలివాడు కోర్టుకు వెళ్ళినట్టు చూపించకపోతే వీడియో తిరిగి పెడతామని వాళ్ళు తిరుగు జవాబిచ్చారు. ఛానెల్‌ను అంతదాకా మూయరట. ఆ పది రోజులూ నాన్న గోడ మీద బొగ్గుతో గీతలు పెట్టాడు. ఆదివారం లెక్కలోకి వస్తుందా రాదా అని రచ్చబండ దగ్గర పెద్ద చర్చే జరిగింది.

అవతలివాడు కోర్టుకు పోలేదు. ఒక ఉదయం చూసేసరికి వీడియో తిరిగి వచ్చింది, మూడో తప్పు కొట్టేశారు. దసరా ఇంకా మూడు రోజులుంది. నాన్న కండువా దులుపుకుని వీధిలోకి వెళ్ళి, "మావోడు కేసు గెలిచాడు" అన్నాడు. మధ్యాహ్నానికి అది దేశాంతరపు కేసు అయింది. పెద్దమ్మ ఎడ్లకు పసుపు రాసి మా వాకిట్లోకి తోలుకొచ్చింది. మైకు మామ ఆటో మీద మైకు కట్టుకుని వచ్చి, నా చేతిలో ఫోను లేదని రెండుసార్లు చూసుకుని, తన పాట మొదటి నుంచి చివర దాకా వేసుకున్నాడు. ఆ రోజు మా వీధిలో నాకంటే పొడుగైనవాడు లేడు.

మావయ్య కొట్టుకు నేనే వెళ్ళి, ఇక రాను మావయ్యా అని చెప్పాను. ఎంత ఛాతీ విరిచి చెప్పానంటే, ఆయన భయపడి కాఫీ తెప్పించాడు.

ఇప్పుడు అదే నా బతుకుతెరువు. అనుమతి పత్రాలు ఫోనులోనే ఉన్నాయి, జనం చదవకుండా వేలు ఆనించేస్తారు, నేనూ చదవమనను. ఏదైనా ఉత్తరం వస్తే వకీలు గారికి పంపించి నా భోజనం నేను చేస్తాను. తప్పేం లేదు, పనులు అలాగే జరగాలి. కానీ ఒక్కోసారి ఏడో మెట్టు మీది ఆ కుర్రవాడు గుర్తొస్తాడు, చట్టమంటే ఏమిటో తెలియకుండానే, తండ్రి చెప్పాడని పేరూ ఊరూ రాసి సంతకం పెట్టినవాడు. వాడికి తెలిసినదానికంటే నాకు వంద రెట్లు ఎక్కువ తెలుసు. అయినా నాన్న ఉన్నన్నాళ్ళూ ఊళ్ళో ఎవరడిగినా వాడి సంగతే చెప్పాడు, ఇప్పటి నా సంగతి ఒక్కసారీ చెప్పలేదు. వాడి మీద నాకు కొంచెం అసూయే.