సీసాలో బెల్లం నీళ్లు

ఇన్నేళ్లుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. మా ఆయన పోయేదాకా ఆగాను. ఇప్పుడు నీకు చెబుతున్నాను. నువ్వెవరో నాకు తెలియదు, తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్లను నేను ఏనాడూ నమ్మలేదు. ఇది విని నువ్వు ఎవరి చెవిన వేస్తావోనన్న అనుమానం ఇప్పుడూ ఉంది. ఉండనీ.

మా మరిది సోమయ్యకు మందు అందకుండా చేసింది నేనే.

పోలీస్ యాక్షన్‌కు ముందు రోజులవి. చివ్వెంల దగ్గర మా ఊరు. కుక్క మొరిగితే ఎవరిని చూసి మొరిగిందా అని తలుపు సందులోంచి చూసేవాళ్లం. మా అన్న నిజాం మీద కొట్లాడే సంఘంలో చేరి అజ్ఞాతంలో తిరుగుతున్నాడు. అప్పుడప్పుడు మా కొట్టంలో తలదాచుకుని, నేను పెట్టిన రొట్టె తిని వెళ్లేవాడు. ఆ సంగతి మా ఆయనకు, నాకు, సోమయ్యకు తప్ప నాలుగో మనిషికి తెలియదు.

సోమయ్య నెమ్మదస్తుడు. కోదాడ దాకా బండి తోలుకుని పోయి వచ్చేవాడు. ఒక ఎండాకాలం అతనికి నిద్ర కరువైంది. ఎవరో పిలుస్తున్నారంటూ వీధిలోకి పరుగెత్తి, నోటికొచ్చిన పేర్లన్నీ పెట్టి అరిచేవాడు. చచ్చిపోయిన తాత పేరు, పటేలు పేరు, ఎద్దుల పేర్లు. తర్వాత వచ్చేది మా అన్న పేరేనేమోనని నేను ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వినేదాన్ని.

సూర్యాపేట అంగడిలో ఎవరో చెబితే మిర్యాలగూడ దవాఖానకు తీసుకువెళ్లాం. అక్కడి డాక్టరు కోదాడ అవతలి ఇంగ్లీషువాళ్ల ఇలాకా నుంచి వచ్చినాయన, మాకు పరాయివాడు. ఇది జబ్బే తప్ప చేసిన తప్పు కాదన్నాడు. కొట్టొద్దు, కట్టెయ్యొద్దు, రెండు పూటలా మందు పొయ్యమన్నాడు. అంతవరకు బాగానే ఉంది. ఆ తర్వాత, ఇంటికి ఎవరెవరు వస్తుంటారని అడిగాడు. ఎవరి పేర్లు పలవరిస్తాడు? మందు తాగాక ఏం మాట్లాడతాడో గుర్తుపెట్టుకుని వచ్చి చెప్పమన్నాడు. ఈయనకెందుకు ఇవన్నీ? ఇది నిద్ర పట్టించే మందా, మాటలు కక్కించే మందా? ఈయన పోలీసుల మనిషి కాదని ఎవరు చెప్పొచ్చారు? రోగిని చూసే ఎవరైనా అవే అడుగుతారని ఇప్పుడు తెలుసు. అప్పుడు తెలియదా? తెలుసుకోవాలని అనుకోలేదు, అదీ నిజం.

కొన్నాళ్లు పోశాను. సోమయ్య కంటినిండా నిద్రపోయాడు. అడిగి మరీ అంబలి తాగాడు. ఎద్దులను కడిగాడు. నిద్రలో ఏదో గొణిగేవాడు. నేను పక్కన కూర్చుని చెవి ఒగ్గి వినేదాన్ని. ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. అర్థం కాకపోవడంతో నా భయం ఇంకా పెరిగింది.

ఒకనాడు మందు సీసాను పెరట్లో తోటకూర మడిలో వంపేసి, బెల్లం నీళ్లతో నింపి పెట్టాను. ఆనాటి నుంచి మా ఆయన తన చేత్తో తమ్ముడికి ఆ నీళ్లే తాగించాడు. తాగించి తల నిమిరేవాడు. చూస్తూ ఊరుకున్నాను.

అరుపులు మళ్లీ మొదలయ్యాయి. మా ఊరి చావడిలో బొండకొయ్య ఉండేది. రెండు దుంగల మధ్య కాళ్లు బిగించి తాళం వేస్తారు. దొంగకూ అదే, శిస్తు కట్టనివాడికీ అదే, మతి చెడినవాడికీ అదే. దవాఖాన మందుతో ఏమన్నా గుణం కనిపించిందా అని పటేలు అడిగితే, మా ఆయన కంటే ముందు నేనే జవాబు చెప్పాను. లేదన్నాను. పిచ్చి కూడా కాదు, పని ఎగ్గొట్టే నాటకమన్నాను. ఆ సాయంత్రమే సోమయ్య కాళ్లు కొయ్యలో పెట్టారు. అక్కడ కూర్చుని అరిస్తే ఎవరు వింటారు? కొయ్యలో ఉన్నవాడి మాటకు విలువ ఉండదు. నాకు కావలసింది అదేనా? అదే అనుకుంటాను.

అంబలి తీసుకుని వెళ్లాను. సోమయ్య ఆనాడు తేటగా ఉన్నాడు.

“వదినా, మందు మొదాలు చేదుగుండె. మల్ల తియ్యగెట్లైంది?”

“నీ నోరు మంచిగ లేక గట్లనిపిస్తుంది.”

“నాకు బెల్లం ఎరుక లేదా?” అని అంబలి ముంత పక్కన పెట్టాడు. ఆ తర్వాత గొంతు తగ్గించి అన్నాడు. “మీ అన్న ముచ్చట ఎవ్వలకన్న చెప్పిన్నా? ఇది గూడ చెప్ప. నువ్వు పరేషాన్ గాకు.”

అప్పుడే పటేలు దగ్గరికి పరుగెత్తాల్సింది. మందు పారబోశానని చెబితే, ఎందుకు పారబోశావని అడుగుతారు. ముంత కడుక్కుని ఇంటికి వచ్చాను.

అతని మడమల దగ్గర పుండ్లు పడ్డాయి. జ్వరం వచ్చింది. తాళం తీసేసరికి లేచి నిలబడే శక్తి అతనిలో లేదు. ఇంటికి తెచ్చుకున్నాం కానీ దక్కలేదు. మా అన్న మాత్రం పోలీస్ యాక్షన్ తర్వాత క్షేమంగా ఇల్లు చేరాడు. నేనే కాపాడానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. కాపాడింది సోమయ్య. అంత పిచ్చిలో అన్ని పేర్లు అరిచినవాడు ఆ ఒక్క పేరు ఎత్తలేదు.

తప్పు అక్కడితో ఆగలేదు. కొన్నేళ్లకు మా వాడకట్టులో ఒక ఆడపిల్లకు అదే జబ్బు చేసింది. దవాఖానకు తీసుకుపోదామా అని ఆమె తండ్రి మా ఆయనను అడగడానికి వచ్చాడు. మేం తాగించి చూశాం, ఏం ఫాయిదా లేదని మా ఆయన నిజాయితీగా చెప్పాడు. నేను పక్కనే బియ్యం ఏరుతున్నాను. తల ఎత్తలేదు. ఆ పిల్లను కొట్టంలో గుంజకు కట్టేశారు. కట్టిన తాడు మళ్లీ విప్పారో లేదో నేను అడగలేదు.

నన్ను క్షమించమని నిన్ను అడగను. క్షమించాల్సిన వాళ్లెవరూ మిగల్లేదు. మా ఆయన బతికి ఉండగా చెప్పలేని మాట ఒకటుంది, అది పైకి అని ఊరుకుంటాను. ఆ మందు పనిచేసింది. సోమయ్య నిద్రపోయాడు, ఎద్దులను కడిగాడు. మందు పనిచేసింది.