ఓర్చుకునే పిల్ల

మా పక్క ఫ్లాటులో సీలింగుకి ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పని జరుగుతోంది. భవానీపురంలో ఇప్పుడు ఏ ఇంట్లో చూసినా ఇదే సోకు. పొద్దున కాఫీ పట్టుకుని వరండాలోకి వచ్చానో లేదో, ఆ తడి పొడి వాసన గుప్పున కొట్టింది. గ్లాసు పిట్టగోడ మీదే వదిలేసి లోపలికొచ్చి తలుపేసుకున్నాను. అరవై దాటిన రిటైర్డ్ టీచర్ని, గోడకి పూసే పిండికి భయపడ్డానంటే ఎవరైనా నవ్వుతారు. నవ్వనీ. ఆ వాసనకీ నా వీపుకీ ఉన్న సంబంధం వాళ్ళకేం తెలుసు.

డెబ్బైల్లో, నాకు పన్నెండేళ్ళప్పుడు, వెన్నుపూసకి క్షయ పట్టింది. చల్లపల్లి దగ్గర మా ఊళ్ళో ముందు దిష్టన్నారు, తర్వాత గూనన్నారు. నడుస్తుంటే కాళ్ళు తడబడటం మొదలయ్యాక నాన్న బెజవాడ తీసుకొచ్చి ఒక ఆసుపత్రిలో చేర్చాడు. నాకు తోడు నాయనమ్మ. ఆ వార్డుకి పెద్ద నర్సు ఫిలోమినా సిస్టర్. గుణదల నుంచి వచ్చేది. మెడలో సన్నటి గొలుసుకి మేరీమాత బిళ్ళ, ముఖాన నవ్వన్నది ఉండేది కాదు. మొదటి సూది రోజున నాయనమ్మ అలవాటుగా, చీమ కుట్టినట్టుంటుంది, కళ్ళు మూసుకోమంది. "చీమ కాదండీ మామ్మగారూ, తేలే" అంది సిస్టర్. తర్వాత నాతో, గట్టిగా నొప్పెడుతుందనీ, చెయ్యి బిగబడితే ఇంకా పెడుతుందనీ, కాసేపటికి దిగిపోతుందనీ చెప్పింది. అచ్చం అలాగే జరిగింది. పెద్దవాళ్ళు చెప్పినట్టే నొప్పి జరగడం నాకదే మొదటిసారి.

ఆపరేషన్ అయ్యాక నన్ను పక్కకి తిప్పాలంటే ప్రాణాలు పైకి పోయేవి. దుప్పటి పట్టుకుని నలుగురు కలిసి దుంగని దొర్లించినట్టు తిప్పేవారు. సిస్టర్ ముందే వచ్చి, ఇంకాసేపట్లో తిప్పుతామని చెప్పి, మందిచ్చి వెళ్ళేది. చిన్నపిల్లకి ఇన్ని మందులు అలవాటైపోవూ అని నాయనమ్మ గొణిగితే, నొప్పి ముదిరాక ఇస్తే మందుకి బలం చాలదండీ, మందే ముందుండాలి అనేది. నాకు మాత్రం ఒకటే ఆజ్ఞ. ఎలా ఉందని అడిగితే బాగుందనకూడదు. ఎక్కడ, ఎలా ఉందో చెప్పాలి.

కుట్లు విప్పాక చంకల కింద నుంచి తొంటి దాకా ప్లాస్టరు కట్టారు. ఆ తడి వాసన అప్పటిదే. అది ఆరుతూ వేడెక్కింది, బిగిసింది. కొన్నాళ్ళకి వీపు మీద ఎముక పొడుచుకొచ్చిన చోట నిప్పురవ్వ పెట్టినట్టు మంట. నాయనమ్మ చెవిలో చెప్పాను. ఆవిడ అటూ ఇటూ చూసి నా నోటి మీద చెయ్యి పెట్టింది. "నొప్పన్నావంటే మళ్ళీ కోస్తారే అమ్మలూ. ఓర్చుకో."

నాకు ఆపరేషన్ థియేటరు తలుపంటేనే గుండె ఆగిపోయేది. ఓర్చుకున్నాను. చూడటానికి వచ్చిన చుట్టాలందరూ, ఎంత ఓర్పు గల పిల్లో అని బుగ్గలు పుణికారు. సిస్టర్ అడిగితే బాగుందండీ అన్నాను. ఆవిడ కాసేపు నా ముఖంలోకే చూసింది. "ఏడ్చే పిల్లలంటే నాకు భయం లేదు. ఓర్చుకునే పిల్లలంటేనే భయం" అంది. నన్ను తిట్టిందనుకుని గోడవైపు చూస్తూ పడుకున్నాను.

ఒకరోజు పొద్దున లేచేసరికి మంట లేదు. నా సంతోషం ఇంతా అంతా కాదు. సిస్టర్ రాగానే, మంట పోయిందండీ అని గొప్పగా చెప్పాను. ఏ మంట అని అడిగింది. చెప్పాను. ఆవిడ వంగి ప్లాస్టరు అంచు దగ్గర ముక్కు పెట్టి వాసన చూసింది. గొలుసు బిళ్ళ నా గడ్డానికి చల్లగా తగిలింది. తలెత్తినప్పుడు ఆవిడ ముఖంలో భయం కనిపించింది. ఆ మనిషి కూడా భయపడుతుందా అనుకుని నాయనమ్మ కొంగు పట్టుకున్నాను. మంట ఉన్నంతవరకూ చర్మం బతికున్నట్టట. ప్లాస్టరుకి ఒరుసుకుని ఒరుసుకుని అది చచ్చిపోతే మంట కూడా పోతుందట. అక్కడ పుండుపడి చీము ఎముక దాకా దిగితే చేసిన ఆపరేషన్ వృథా, కాళ్ళు కూడా దక్కకపోవచ్చట.

"మళ్ళీ కోస్తారా సిస్టర్?" అని అడిగాను. ఇంకెవరైనా అయితే ఛ ఛ, లేదనేవారు.

"తెలీదమ్మా. చూశాక చెప్తాను. ఏదైనా నీకు నిజమే చెప్తాను."

డాక్టరుగారు వచ్చి పెద్ద కత్తెరతో ప్లాస్టరులో చిన్న కిటికీ కోశారు. ఆ కరకర చప్పుడు నా పళ్ళలోకి దిగింది. పుండు మీద మందు పెట్టి, తెలుస్తోందా అని అడిగారు. లేదండీ అన్నాను. నొప్పి లేదంటే ఎవరూ సంతోషించకపోవడం ఎంత భయంగా ఉంటుందో మాటల్లో చెప్పలేను. ఆ రోజు నుంచి కట్టు మార్చినప్పుడల్లా సిస్టర్ అదే ప్రశ్న, నాది అదే జవాబు. నాయనమ్మ గుణదల మాతకి కొబ్బరికాయ మొక్కుకుంది. మనవరాలికి నొప్పి పెట్టాలని మొక్కుకున్న నాయనమ్మ లోకంలో ఇంకొకరుంటారా?

చివరికి ఒక మధ్యాహ్నం దూది తగలగానే కారం చల్లినట్టు భగ్గుమంది. వార్డంతా దద్దరిల్లేలా కేక పెట్టాను. సిస్టర్ పట్టకారు ట్రేలో పడేసింది. చేతులకి మందు ఉండటంతో భుజానికి కళ్ళు తుడుచుకుంది. "అరువమ్మా. ఇంకా గట్టిగా అరువు" అంది. కొత్త కండ పుడుతోందని నాయనమ్మకి చెప్పింది. మర్నాటి నుంచి కట్టు విప్పబోయే ముందు నాకు నొప్పి మాత్ర తప్పకుండా వచ్చేది. మళ్ళీ కొయ్యలేదు. కాళ్ళు నావి నాకు దక్కాయి.

ఆ కాళ్ళతోనే ముప్పై ఏళ్ళు క్లాసుల్లో నిలబడి పాఠాలు చెప్పాను. ఏ పిల్లనీ ఓర్పు గలదని మెచ్చుకోలేదు. ఏమీ లేదు టీచర్ అన్న పిల్ల దగ్గరే ఇంకాసేపు నిలబడేదాన్ని. కొందరు చెప్పారు, కొందరు చెప్పలేదు.

పుండు మానిన చోట రూపాయి బిళ్ళంత మచ్చ మిగిలింది. స్నానం చేసేటప్పుడు చెయ్యి వెనక్కి పెట్టి దాన్ని నొక్కి చూసుకోవడం ఇప్పటికీ నా అలవాటు. మధ్యలో ఏమీ తెలియదు. వేలు కాస్త పక్కకి జరిపి, నొప్పి తెలిసేదాకా నొక్కుతాను. తెలిశాకే నీళ్ళు పోసుకుంటాను.