సానరాయికి తాకించిన ముక్క

చింతగింజ కంటే చిన్న ఇనుప ముక్క. తొమ్మిదేళ్ళుగా దాన్ని మోస్తున్నాను. నా షాపులో బల్ల సొరుగు ఉంది, అందులో బేరింగు గుండ్లు వేసుకునే రేకు డబ్బా ఉంది, దాని అడుగున ఉంటుంది ఆ ముక్క. సొరుగు రోజూ తీస్తాను. డబ్బా మూత మాత్రం తియ్యను. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. నా భార్యకు కూడా చెప్పలేదు. పేరు చెప్పుకునే ధైర్యం ఇప్పటికీ రాలేదు గనక, పేరు లేకుండానే మీకు చెప్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. అదే నయం. తెలిసిన మొహమైతే నాకు నోరు పెగలదు.

దాచేపల్లిలో నాది లేతు షాపు. సున్నపురాయి టిప్పర్లు పోయే రోడ్డు పక్కనే. క్రషర్ల షాఫ్టులు, లారీల బుష్షులు, సిమెంటు ఫ్యాక్టరీ రోలర్లు, ఇవీ నా పనులు. ముప్పై ఏళ్ళుగా ఇదే. గొప్పలు చెప్పుకుంటున్నాడనుకుంటారేమో, కానీ నన్ను ముంచింది ఈ గొప్పే కాబట్టి చెప్పక తప్పదు. రవ్వ చూసి ఇనుము జాతి చెప్పటంలో మా చుట్టుపక్కల నన్ను మించినవాడు లేడు. ముక్కను తిరుగుతున్న సానరాయికి ఒక్కసారి తాకిస్తే రవ్వలు లేస్తాయి. మెత్తటి ఇనుమైతే పొడుగ్గా, తిన్నగా పోతాయి. లారీ కమాను కట్ట ఉక్కయితే చివర్లో పువ్వులా విచ్చుకుంటాయి. పోత ఇనుమైతే పొట్టిగా, ఎర్రగా లేచి దగ్గర్లోనే ఆరిపోతాయి. ఎవరు ఏ తుక్కు తెచ్చినా నేను సానకి తాకించి, ఇది ఫలానా అని చెప్పేసేవాణ్ణి. జనం నోరు తెరిచి చూసేవాళ్ళు. నాకు బాగుండేది. ఎవరికి బాగుండదు?

సువార్త మా వీధి పిల్ల. చర్చి వెనక వాళ్ళ ఇల్లు. నాన్న లారీ డ్రైవరు. మాకు చుట్టరికమేమీ లేదు, అయినా నన్ను బాబాయ్ అని పిలిచేది. అప్పట్లో ఇంటర్ చదువుతూ, మాస్టారి దగ్గర పిస్టల్ కాల్చటం నేర్చుకునేది. మాస్టారంటే మిలిటరీలో చేసి వచ్చి మా ఊరి స్కూల్లో డ్రిల్లు చెప్పే పెద్దాయన. పిస్టల్ అనగానే కంగారుపడకండి. అది గాలితో పేలేది. పది మీటర్ల దూరంలో కాగితం మీద చుక్కను కొట్టే పోటీలకి వాడతారు. విదేశంలో తయారైనది. ఎవరో వాడి వదిలేసినది మాస్టారు సంపాదించాడు. దాన్ని పసిబిడ్డలా గుడ్డలో చుట్టి తెచ్చేవాడు.

నా షాపు పక్కన ఖాళీ రేకుల షెడ్డులో ఆ పిల్ల సాధన చేసేది. గుండు వెయ్యకుండా, పిస్టల్ గొట్టం మీద రూపాయి బిళ్ళ పెట్టుకుని, చెయ్యి చాచి ట్రిగ్గరు నొక్కాలి. బిళ్ళ పడకూడదు. అదీ మాస్టారు నేర్పిన పద్ధతి. ఒకరోజు రాయి లోడుతో ఒక టిప్పరు మా ముందు నుంచే పోయింది. షెడ్డు రేకులు గడగడలాడాయి. నా బల్ల మీది బోల్టులు దొర్లి కింద పడ్డాయి. బిళ్ళ పడలేదు. నేను లేతు ఆపేసి అలాగే నిలబడిపోయాను. అసలు ఈ పిల్ల ఊపిరి తీస్తోందా అనిపించింది. నా లేతు కింది దిమ్మ కాంక్రీటులో పాతిపెట్టి ఉంటుంది, అదే అదురుతుంది ఆ టిప్పర్లకి. పదిహేడేళ్ళ పిల్ల చెయ్యి అదరలేదు. నేను కళ్ళారా చూశాను. ఈ సంగతి మీరు గుర్తుపెట్టుకోవాలి.

రాష్ట్రస్థాయి పోటీ పది రోజులుందనగా పిస్టల్లో ఒక చిన్న స్క్రూకి మరలు అరిగిపోయాయి. మాస్టారు సువార్త చేత నాకు పంపించాడు. స్క్రూ ఒక్కటే చెయ్యమన్నాడు, ఇంకేమీ ముట్టుకోవద్దని మరీ మరీ చెప్పి పంపాడు. గంట పని. చేసేశాను. మూత బిగించి ఇచ్చేసి ఉంటే మీతో నాకు ఈ పని ఉండేది కాదు.

కానీ లోపలికి చూశాను. భూతద్దం పెట్టుకుని మరీ చూశాను. ఎలా చెప్పను మీకు? పైన ఒళ్ళంతా అల్యూమినియం పోత. అచ్చులోకి ఒత్తిడితో పోసినది. రెండు అచ్చులు కలిసినచోట సన్నటి గీత కనిపిస్తూనే ఉంది, చేసినవాళ్ళు దాన్ని దాచే ప్రయత్నం కూడా చెయ్యలేదు. అక్కడ దాచక్కర్లేదు, మిగతావాటిని పట్టి ఉంచటమే దాని పని. లోపల రెండు చిన్న మీటలు. అవి ఇనుప పొడిని అచ్చులో నొక్కి, కొలిమిలో కాల్చి చేసినవి. వాటికి అది చాలు, పెద్దగా రాపిడి పడవు. గొట్టమైతే గట్టి కమ్మీని తొలిచి, లోపలంతా అద్దంలా నునుపు చేసినది. వీటన్నిటి మధ్య ఈ చింతగింజ. ట్రిగ్గరు నొక్కుతున్నంతసేపూ పట్టి ఉంచి, చివరి క్షణంలో వదిలిపెట్టే కొక్కెం. దీన్ని పోత పొయ్యలేదు, పొడి నొక్కలేదు. గట్టి ఉక్కు దిమ్మలోంచి కోసి తీశారు. కాల్చి గట్టిపరిచారు. ఆ తర్వాత నీళ్ళ ధార కింద, వేడి పుట్టకుండా, నిదానంగా సాన పట్టారు. దాని అంచు మీద నా షాపు కిటికీ వెలుగు గీత గీసినట్టు నిలబడింది. పనిముట్టు తగిలిన జాడ ఒక్కటీ లేదు.

దణ్ణం పెట్టాలనిపించింది. నిజంగా. ఎవడో, ఏ దేశంవాడో, ఏ భాష మాట్లాడతాడో తెలియదు. ఎక్కడ పోతతో సరిపెట్టవచ్చో, ఎక్కడ పొడితో సరిపెట్టవచ్చో, ఎక్కడ మాత్రం తొందరపడకూడదో వాడికి తెలుసు. ఆ తెలివంతా ఒక కొక్కెం అంచు మీద పెట్టాడు. క్రషరు దవడకి పోత మంచిది, షాఫ్టుకి సమ్మెటతో సాగగొట్టిన ఉక్కు మంచిదని నేనూ జనానికి పాఠాలు చెప్పేవాణ్ణే. అయినా ఇంత చిన్న వస్తువు మీద ఇంత శ్రద్ధ నేను ఊహించలేదు. నా వయసు మరిచిపోయి చిన్నపిల్లాడిలా సంబరపడ్డాను. ఒళ్ళు పులకరించింది.

అంత గౌరవం కలిగినవాణ్ణి దాన్ని తిరిగి దాని చోట పెట్టెయ్యాలి కదా? ఎందుకు పెట్టలేదు? తొమ్మిదేళ్ళుగా అడుగుతున్నాను నన్ను నేను. ఇది ఏ ఉక్కో తెలుసుకోవాలనిపించింది. ఆకురాయి రుద్దాను. పట్టలేదు, గాజు మీద జారినట్టు జారిపోయింది. అక్కడైనా ఆగవచ్చు. సాన స్విచ్చి వేశాను. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, మూలకి తాకించి రవ్వ చూద్దామని. అలవాటు అని సరిపెట్టుకున్నాను చాలాకాలం. అలవాటు కాదు. నాకు తెలియని ఉక్కు ఒకటి ఉందంటే నేను ఒప్పుకోలేకపోయాను.

రవ్వలు చాలా తక్కువ లేచాయి. సన్నగా, ముదురు ఎరుపులో, నేను ఎన్నడూ చూడనివి. ఎంత బాగున్నాయో. నవ్వాను కూడా, బాగా గుర్తు. తర్వాత ముక్కను వెలుగులో పెట్టి చూశాను. అంచు నీలం తిరిగింది.

ఆ నీలం అంటే ఏమిటో ఏ లేతు పనివాణ్ణి అడిగినా చెప్తాడు. వేడెక్కి ఉక్కు పదును చచ్చిపోయిందని. మళ్ళీ రాదు. 

ఆ సాయంత్రమే మాస్టారింటికి వెళ్ళి చెప్పి ఉండాల్సింది. గుంటూరులో ఆయన స్నేహితుడి దగ్గర ఇంకో పిస్టల్ ఉందని నాకు తెలుసు. పది రోజులకి అడిగి తెచ్చేవాడు. నన్ను నాలుగు తిట్లు తిట్టేవాడు. అంతటితో పోయేది. ఆ నాలుగు తిట్లు పడలేకపోయాను. రెండు రోజులు వేరే పనులన్నీ పక్కన పడేసి, విరిగిన లారీ కమాను కట్టలోంచి అలాంటిదే ఇంకో కొక్కెం చేశాను. వెంట్రుకవాసి తేడా లేదు కొలతల్లో. అందాజాగా ఎర్రగా కాల్చి నూనెలో ముంచాను. రుద్ది రుద్ది మెరుగు పెట్టాను. పక్కపక్కన పెడితే మీరు పోల్చుకోలేరు. కానీ ఆకారం ఒకటైనంత మాత్రాన పుట్టుక ఒకటి కాదని నాకు తెలుసు. ఈ ఊళ్ళో అందరికంటే నాకే బాగా తెలుసు. అయినా బిగించి ఇచ్చేశాను.

సువార్త అక్కడే నొక్కి చూసి, మెత్తగా ఉంది బాబాయ్ అని మెచ్చుకుంది. వారం రోజులు బాగానే కాల్చింది. నేను హాయిగా తిరిగాను.

పోటీలో సగం దాకా ఆ పిల్లే ముందుందట. తర్వాత గురి చెదిరిపోయింది. మర్నాడు మాస్టారితో కలిసి షాపుకు వచ్చింది. పిస్టల్ నా బల్ల మీద పెట్టింది.

"బాబాయ్, నేనింకా నొక్కనే లేదు, అదే పేలింది. ఒకసారి గాదు, నాలుగైదు సార్లు. లోపల ఏవన్నా తేడా వచ్చిందేమో చూడవా?"

మూత తీశాను. భూతద్దం పెట్టాను. నేను చేసిన కొక్కెం అంచున ఒక నలుసు రాలిపోయి ఉంది. ఆవగింజలో సగం ఉండదు. చాలు అది, నొక్కకముందే కొక్కెం జారిపోవటానికి.

"ఏందయ్యా, ఏవన్నా కనపడిందా?" అన్నాడు మాస్టారు నా భుజం మీదుగా వంగి.

"ఏం లేదు మాస్టారూ. మిషను చానా శుభ్రంగా ఉంది." తర్వాత ఆ పిల్ల వైపు తిరిగాను. "చెయ్యి వణికుంటదిలే అమ్మా. అంత పెద్ద పోటీ గదా. చిన్నపిల్లవి."

సువార్త కుడిచెయ్యి మొహం ముందుకు తెచ్చుకుని, ఇటు తిప్పి, అటు తిప్పి చూసుకుంది. ఎవరిదో పరాయి చెయ్యిని చూసినట్టు చూసింది.

"అంతేనేమో బాబాయ్," అంది.

ఏమీ లేదని ఒక్కమాట అని ఊరుకుంటే ఏం పోయేది? అది అబద్ధమే, కానీ అక్కడితో ఆగేది. చెయ్యి వణికిందని ఎందుకన్నాను? రూపాయి బిళ్ళను నేను చూడలేదా? ఆ చెయ్యి ఎలాంటిదో మాస్టారి తర్వాత ఈ భూమ్మీద తెలిసినవాణ్ణి నేనే కదా. నా తప్పు ఎక్కడో ఒకచోట పెట్టాలి. నమ్మి ఎదురుగా నిలబడింది ఆ పిల్ల. ఆ పిల్ల చేతిలోనే పెట్టేశాను.

నూనె వేసి ఇస్తానని పిస్టల్ ఉంచుకుని, ఆ కొక్కెం తీసి ఇంకాస్త జాగ్రత్తగా మరొకటి చేసి పెట్టాను. అది నిలిచేదో కాదో తెలిసే అవకాశం రాలేదు. సువార్త మళ్ళీ పిస్టల్ పట్టుకోలేదు. మాస్టారు వాళ్ళింటికి వెళ్ళి బతిమాలాడట. నా చెయ్యి నా మాట వినటం లేదు సార్ అందట. ఆయన పోయి నాలుగేళ్ళయింది. ఆయనకీ చెప్పలేదు.

పోయిన నెల నాకు షుగరు పరీక్ష చేయించుకోమంటే నరసరావుపేటలో ఒక ఆసుపత్రికి వెళ్ళాను. ల్యాబులో తెల్లకోటు వేసుకున్న అమ్మాయి, "బాబాయ్, నువ్వా!" అంది. సువార్త. అక్కడే ఉద్యోగమట. నన్ను చూసి మొహం ఎంత విప్పారిందో. నేను తల ఎత్తలేకపోయాను.

నా చేతులు రవ్వలు పడి పడి మొద్దుబారిపోయాయి. నరం దొరకదు. అంతకుముందు వేరేచోట మూడుసార్లు పొడిచారు. సువార్త వేలితో ఒకసారి తడిమింది. సూది ఎప్పుడు లోపలికి పోయిందో నాకు తెలియలేదు. చూస్తూ కూర్చున్నాను. సీసాలో రక్తం నిండుతోంది, ఆమె చెయ్యి మాత్రం గోడకి కొట్టిన మేకులా కదలకుండా ఉంది. అదే చెయ్యి. ఆ రేకుల షెడ్డులో నేను పని ఆపి చూసిన చెయ్యి. తొమ్మిదేళ్ళకి కూడా దాని పదును చెక్కు చెదరలేదు. నాకు కళ్ళు చెమర్చాయి. నొప్పేమోననుకుని, అయిపోయింది బాబాయ్ అంది.

నా వెనక ఒకామె నెలల పాపను ఎత్తుకుని నిలబడి ఉంది. సువార్త పక్క గదిలోకి కేక వేసింది. "అక్కా, పసిబిడ్డ వచ్చింది. నువ్వు తియ్యి."

"నువ్వే తియ్యొచ్చు గదమ్మా," అన్నాను.

నవ్వింది. "అమ్మో, పసిపిల్లలకి నేను తియ్యను బాబాయ్. నా చెయ్యి వణుకుద్ది. నీకు తెలుసు గదా."

దూది నా చేతి మీద పెట్టి, గట్టిగా నొక్కిపట్టుకో అని చెప్పింది.

నొక్కిపట్టుకుని కూర్చున్నాను. పక్క గదిలోంచి ఇంకొకామె వచ్చి పాపకి ఒకసారి పొడిచింది. నరం దొరకలేదు. రెండోసారి పొడిచింది. పాప గుక్కపట్టి ఏడుస్తోంది. సువార్త అటు తిరిగి నిలబడి, సీసాల మీద పేర్లు రాస్తోంది. ఇప్పుడు చెప్పు, ఇప్పుడు చెప్పు అనుకుంటూనే ఉన్నాను. రక్తం ఆగిపోయింది. దూది తీసి బుట్టలో వేసి బస్సెక్కాను.

వచ్చి డబ్బా మూత తీశాను. తొమ్మిదేళ్ళలో అదే మొదటిసారి. నీలం అలాగే ఉంది. మిగతా అంచంతా ఇప్పటికీ ఆ కిటికీ వెలుగును పట్టుకుని మెరుస్తోంది. ఆ చేసినవాడి పని చూస్తే ఇప్పటికీ దణ్ణం పెట్టాలనే అనిపిస్తుంది.

సువార్తకి చెప్తానా? తెలియదు. చెప్తానని మీకు మాట ఇవ్వలేను, ఇంకో అబద్ధం ఎందుకు? క్షమించమని మిమ్మల్ని అడగటం లేదు, మీ చేతిలో ఉన్న పని కాదది. తొమ్మిదేళ్ళుగా గొంతులో అడ్డం పడి ఉన్న మాట ఒక్కసారి బయటికి అనాలి, అంతే. ఆ రోజు టిప్పరు పోయింది. రేకులు గడగడలాడాయి. నా బల్ల మీది బోల్టులు కింద పడ్డాయి. రూపాయి బిళ్ళ పడలేదు. నేను చూశాను.