లెస్‌కు చెప్పని ఇంటిపేరు

పదహారేళ్ళుగా ఒక ఇంటిపేరు మోస్తున్నాను. నాది కాదు. నా ఇంటిపేరుకే ఆస్ట్రేలియా ఫారాల్లో గళ్ళు చాలక తంటాలు పడ్డవాణ్ణి, ఇంకొకరిది ఎందుకు ఎత్తుకున్నానంటారా? ఎత్తుకోలేదు. దాచాను. ఏడు ఆదివారాలు దాచాను. మా ఆవిడకు కూడా ఈ సంగతి చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పడం కాస్త తేలిక.

అప్పుడు సిడ్నీలో చదువుకుంటున్నాను. పెండిల్ హిల్‌లో ఒకే ఇంట్లో ఐదుగురం ఉండేవాళ్ళం. ఉండేవాళ్ళం అనడం మర్యాద కోసం. ఒకడు డ్యూటీ నుంచి వచ్చేసరికి ఇంకొకడు డ్యూటీకి పోయేవాడు. మాటలన్నీ ఫ్రిజ్ మీద అంటించిన చీటీల్లోనే. ‘పాలు నావి.’ ‘పెరుగు అందరిదీ.’ నేను పెట్రోల్ బంకులో పనిచేసేవాణ్ణి. అక్కడ చొక్కాకు తగిలించుకునే బిళ్ళ మీద నా పేరును రెండక్షరాలకు కుదించారు. వారమంతా ఎవరు పిలిచినా ఆ రెండక్షరాలే. మిగతా నేను ఎక్కడున్నానో ఎవరికీ అక్కర్లేదు.

మా వీధి చివర ఆలివ్ అని ఎనభై దాటిన, పెళ్ళి చేసుకోని ముసలావిడ ఒక్కతే ఉండేది. ఓ రోజు కూరల సంచీ ఇంటిదాకా మోసిపెడితే నన్ను గుమ్మంలో ఆపి, “మీవాళ్ళందరికీ కంప్యూటర్లు వచ్చు కదా, లవ్?” అంది. అక్కడి పెద్దవాళ్ళ నోట లవ్ అంటే మన ‘నాయనా’ లాంటిదే. వచ్చన్నాను. ఆ కంప్యూటర్లలోనే నాకు రెండు సబ్జెక్టులు పోయాయని చెప్పలేదు.

ఆవిడకు కావలసింది వాళ్ళ అసలు ఇంటిపేరు. ఉన్నది అకిట్. ఆవిడ ముత్తాత చైనా నుంచి ఇక్కడి బంగారు గనులకు వచ్చాడు. రేవులో గుమాస్తా పేరడిగితే, తోటివాళ్ళు పిలిచే పిలుపు చెప్పాడట: ‘ఆ కిట్’. ఆ ‘ఆ’ వాళ్ళు చనువుగా పేరు ముందు తగిలించే మాట. మన ‘ఒరే కిట్టూ’ లాంటిదన్నమాట. గుమాస్తా ఒరేతో సహా రాసుకున్నాడు. అప్పట్నుంచీ వంశం వంశమంతా ఒరేకిట్టులే. చైనావాళ్ళకూ మనలాగే ఇంటిపేరు ముందు, సొంత పేరు తర్వాత. ఆ ముందుది ఓడ దిగేటప్పుడు రాలిపోయింది.

ఆవిడకన్నా ఆవిడ తమ్ముడు లెస్‌కు ఆత్రం ఎక్కువ. నర్సింగ్ హోమ్‌లో మంచం పట్టి ఉన్నాడు. బళ్ళో పిల్లలు ఆ పేరు పట్టుకుని ఏడిపించిన రోజు నుంచీ, అసలు మనం ఎవరి తాలూకు అని అక్కను అడుగుతూనే ఉన్నాడట. పోయేలోగా తెలియాలి. అదొక్కటే కోరిక.

అలా ఆదివారాలు మొదలయ్యాయి. పొద్దున్న వెతుకులాట, మధ్యాహ్నం భోజనం. మాంసం, బంగాళాదుంపలు, గుమ్మడికాయ, అన్నీ ఓవెన్‌లో కాల్చినవే. కారం అన్న మాటే లేదు. నేను జేబులో పచ్చిమిరపకాయ దాచుకుని వెళ్ళేవాణ్ణి. మూడో ఆదివారం ఆవిడ చూసేసింది. నాలుగో ఆదివారానికి నా కంచం పక్కన సాసర్‌లో రెండు మిరపకాయలు పెట్టి ఉన్నాయి. నా పేరును ఇంటిపేరుతో సహా, మన వరసలోనే, పలకడం నేర్చుకుంది. ఆ ఊళ్ళో నన్ను మొత్తంగా పిలిచింది ఆవిడొక్కతే.

నాతో ఉండే రమేష్‌ది గుంటూరు. ఎప్పుడైనా ఎదురుపడితే ఊరుకునేవాడు కాదు.

“ఏరా, మామ్మగారి వంశవృక్షం ఇంకా చిగురెయ్యలేదా? ఒక్క సర్‌నేమ్‌కి ఇన్ని సండేలా? మా ఊళ్ళో పెళ్ళిళ్ళ పేరయ్యకి ఫోన్ కొట్టరా, గోత్రంతో సహా చెప్తాడు!”

నవ్వేవాణ్ణి. చిగురేస్తే ఆ తర్వాత నా గతేమిటన్న భయం అప్పటికే లోపల మొదలైందా? అయిందనే అనుకుంటున్నాను.

ఒక శుక్రవారం దొరికింది. గనుల ఊరి శ్మశానంలో పాత చైనా సమాధులు ఒక మూల విడిగా ఉన్నాయని తెలిసి, అక్కడి ఆఫీసుకు రాశాను. రిజిస్టర్‌లో ఆ కిట్ పేరున ఉన్న సమాధి రాయిని ఫోటో తీసి పంపారు. రాయి మీద ఉన్నదంతా చైనా లిపి. యూనిలో నాతో చదివే వెయ్ అనే అమ్మాయి చదివి పెట్టింది. ఊరు, జిల్లా, మధ్యలో పూర్తి పేరు. ఆ పేరులో మొట్టమొదటి అక్షరం మీద వేలు పెట్టింది. రెండు చెట్లు పక్కపక్కన నిలబడ్డట్టుంది. అంటే అడవి. వాళ్ళ ముత్తాత యాసలో లామ్. పూర్వం ఒక దుష్టరాజు తన మంత్రిని చంపిస్తే, నిండు గర్భిణి అయిన మంత్రి భార్య అడవిలోకి పారిపోయి అక్కడే కన్నదట. అడవిలో పుట్టిన ఆ బిడ్డకు తర్వాతి రాజు అడవినే ఇంటిపేరుగా ఇచ్చాడట. వెయ్ చెబుతుంటే, లెస్ ఈ కథ విని ఎలా పొంగిపోతాడో ఊహించుకున్నాను.

ఆదివారం ఆ ఫోటో సంచీలో పెట్టుకుని పరుగులాంటి నడకతో వెళ్ళాను. చెప్పాలనే వెళ్ళాను. ఇది నమ్మండి. ఆలివ్ తలుపు తీస్తూనే అంది:

“పాపం, నీ సెలవులన్నీ నేనే తినేస్తున్నాను. ఆ పేరు కాస్తా దొరికిందంటే నీ ఆదివారాలు నీకిచ్చేస్తాను, లవ్. ఏమైనా దొరికిందా?”

నా ఆదివారాలు నాకిచ్చేస్తే నేనేం చేసుకోను?

“ఇంకా లేదు” అన్నాను.

వచ్చే వారం చెబుదామనుకున్నాను. మూడు తరాలు ఆగినవాళ్ళు ఇంకో వారం ఆగలేరా? ఇంకొక్క భోజనం, అంతే కదా? లాయరూ నేనే, జడ్జీ నేనే, ముద్దాయీ నేనే అయిన కోర్టులో కేసు ప్రతి వారం వాయిదా పడేది. వెతకడం కన్నా వెతుకుతున్నట్టు నటించడం కష్టమని అప్పుడే తెలిసింది. ఎవరెవరివో పాత కాగితాలు అచ్చు తీసి పట్టుకెళ్ళి, ఇది కాదు, ఇదీ కాదు అని ఆవిడ ముందు కొట్టేసేవాణ్ణి. మేం భోంచేస్తుండగా లెస్ ఫోన్ చేసేవాడు. “పిల్లాడికి దొరికిందా?” ఆలివ్ నావైపు చూసేది. నేను తల అడ్డంగా ఊపి బంగాళాదుంప నోట్లో పెట్టుకునేవాణ్ణి. మింగుడు పడేది కూడా. అది తలుచుకుంటేనే ఇప్పుడు ఎక్కువ సిగ్గు.

అలా దాచిన ఏడో ఆదివారం తర్వాత వచ్చిన బుధవారం లెస్ పోయాడు.

అంత్యక్రియలైన మర్నాడు ఫోటో తీసుకెళ్ళి ఆలివ్ చేతిలో పెట్టాను. అడవి కథా చెప్పాను. ఆవిడ ఆ రెండు చెట్ల మీద చాలాసేపు వేలు ఆనించి ఉంచింది.

“ఎప్పుడు దొరికింది?”

“శుక్రవారం.”

అబద్ధం కాదు. ఏ శుక్రవారమో చెప్పలేదు.

“అయ్యో, రెండు రోజుల తేడా” అంది. నా మొహం చూసి నా చెయ్యి పట్టుకుంది. “నువ్వేం చేస్తావు లవ్? నీ తప్పు కాదు. ఎంత తిప్పలు పడ్డావో నేను చూశాను కదా.”

నన్ను ఆవిడ ఓదార్చింది. నేను ఓదార్పించుకున్నాను. వెళ్ళేటప్పుడు గుమ్మంలో, “ఆదివారం ఆలస్యం చెయ్యకు, మాంసం ఆరిపోతుంది” అంది. పేరు దొరికింది కదా అన్నాను. “దానికీ భోజనానికీ సంబంధమేముంది?” అంది. నా చదువు అయ్యేదాకా ప్రతి ఆదివారం పెట్టింది. ఆవిడ నిజంగానే నా ఆదివారాలు వెనక్కివ్వాలనుకుందా, గుమ్మంలో ఏదో మాటవరసకు అందా? ఒక్కసారి అడిగి ఉంటే సరిపోయేది.

అంత్యక్రియల నాడే లెస్ సమాధికి పెట్టిన ఇత్తడి పలక మీద అకిట్ అనే ఉంది. ఆ తర్వాత కొన్నేళ్ళకు పోయిన ఆలివ్ రాయి మీద లామ్ ఉంది. తోబుట్టువులిద్దరూ రెండు ఇంటిపేర్లతో పక్కపక్కన ఉన్నారు. అది నేను చేసిన పని.

ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, లెస్ కూతురు జానెట్ మొన్న ఉత్తరం రాసింది. వాళ్ళ వంశం పుస్తకం అచ్చు వేస్తున్నారట. పేరు ఎలా దొరికిందో నన్ను రెండు వాక్యాలు రాయమంది. ముందు ఇలా తెలుగులో, ఆ ఇంట్లో ఎవరూ చదవలేని భాషలో, మీకు చెప్పి చూసుకున్నాను. నా ధైర్యం అలాంటిది. ఇక్కడిదాకా రాసి, లేచి కాసిని మంచినీళ్ళు తాగి, ఆమెకు ఇంగ్లీషులో రాశాను.

‘మీ ఇంటిపేరు నాకు దొరికాక మీ నాన్నగారు నలభై ఏడు రోజులు బతికారు. ఆ రోజుల్లో నేను ఎవరికీ చెప్పలేదు.’

క్షమించమని మూడో వాక్యం కూడా రాశాను. ఆమె అడిగింది రెండే. మూడోది కొట్టేసి పంపాను.