నా నడుముకు అందరి వైద్యం

నడుము నొప్పి మొదలైన రోజు నేనేమీ బస్తాలు మోయలేదు. బాత్రూంలో చేతిలోంచి జారిన సబ్బు తీద్దామని వంగాను. వంగినవాణ్ణి వంగినట్టే ఉండిపోయాను. నడుము కింద ఎవరో కరెంటు వైరు ఆనించి తీసినట్టయింది. సబ్బు మాత్రం హాయిగా తూము దాకా వెళ్ళింది.

నేను అచ్యుతాపురంలో ఒక ఫ్యాక్టరీలో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాను. వన్ టౌన్‌లో మా ఇంటి నుంచి కంపెనీ బస్సులో కూర్చుని వెళ్ళడం, అక్కడ బండి మీద కూర్చోవడం, మళ్ళీ బస్సులో కూర్చుని రావడం. ఇంత సుఖమైన ఉద్యోగం ఎలా దొరికిందిరా అని చుట్టాలు కుళ్ళుకునేవారు.

నా అరుపు విని తలుపు బయటి నుంచి అమ్మ కేకేసింది. "ఓలమ్మో, నడుం పట్టీసినాదేట్రా? ఉండు, అప్పలరాజు బావని పిలుత్తాను."

అప్పలరాజు బావ మా మేనత్త కొడుకు. నాకంటే ఇరవై ఏళ్ళు పెద్ద. ఫిషింగ్ హార్బర్‌లో బోటు మీద పని. పుట్టినప్పుడు తల కంటే ముందు కాళ్ళు బయటికొచ్చాయట. అలా పుట్టినవాళ్ళు కాలితో తంతే పట్టేసిన నడుము వదిలేస్తుందని మావాళ్ళ నమ్మకం. పొద్దున్నే హార్బర్‌లో చేపల వేలం దగ్గర ఒక గుంపుంటే, బావ కాలి దగ్గర ఇంకో గుంపు ఉంటుంది. బావకు డిగ్రీ లేదు, క్లినిక్ లేదు. కాలుంది.

"గోడ పట్టుకో బావా. మూడు తన్నులు తన్నీసినాననుకో, డేన్సాడతావు."

మూడూ తిన్నాను. డాన్సు ఆడలేదు, నేల మీద పడుకున్నాను. నొప్పి పిర్ర మీదుగా పిక్కలోకి దిగింది. బావ కంగారుపడి నన్ను లేపడానికి వంగబోయి, తనే "అబ్బా" అని ఆగిపోయాడు. చొక్కా పైకి లేస్తే కింద నడుముకు బిగించిన లంబార్ బెల్ట్ కనిపించింది.

"ఇదేటి బావా?"

"నాకూ నొప్పే. నా నడుం నానెలాగ తన్నుకుంతాను?"

నెలలు గడిచాయి. నొప్పి మా ఇంట్లో రేషన్ కార్డులో పేరున్న మనిషిలా స్థిరపడింది. టాబ్లెట్లు మింగితే కడుపు మండేది, మానేస్తే కాలు లాగేది. చివరికి ఒక పెద్ద స్పైన్ క్లినిక్‌కి వెళ్ళాను. గోడ మీద "పర్సనలైజ్డ్ కేర్, మీ నడుముకు మీదైన వైద్యం" అని రాసి ఉంది. డాక్టరు గారు నా మొహం చూడలేదు. MRI ఫిల్మును లైటుకు పెట్టి దానితోనే మాట్లాడారు. "L4-L5 డిస్క్ బల్జ్. సర్జరీ బెటర్. అడ్మిషన్ డేట్ బయట చెప్తారు."

బయట నాకొక సంచి ఇచ్చారు. బెల్టు, ఆయింట్‌మెంటు, ఒక మీసాల మనిషి వ్యాయామాలు చేసే బొమ్మల చార్టు. పక్క కుర్చీలో డెబ్బై ఏళ్ళ మామ్మ ఉంది. ఆవిడకు కూర్చుంటే హాయి, నడిస్తే నొప్పి. నాకు సరిగ్గా తిరగేసి. ఆవిడ ఒళ్ళోనూ అదే సంచి. చార్టులో మీసాల మనిషి కూడా ఆయనే.

"ఈడెవడు బాబూ?" అందావిడ.

"మీకు నాకు కలిపి ఒకడే, మామ్మా."

నవ్వాం గాని నాకు లోపల రోత పుట్టింది. నొప్పి మీద కాదు. బావ మనిషిని చూడకుండా కాలితో తన్నాడు, వీళ్ళు మనిషిని చూడకుండా ఏసీలో తన్నారు. బావ కనీసం గోడ పట్టుకోమన్నాడు.

ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్ మంచివాడే. అందుకే మెత్తగా చెప్పాడు. "తమ్ముడూ, నడుముకు సర్జరీ అయితే మళ్ళీ బండెక్కనివ్వరు. ఇలా కుంటుతున్నా ఎక్కనివ్వరు. దసరా దాకా నీ సీటు ఆపుతాను. తర్వాత నా చేతిలో లేదు." నాకు వచ్చిన పని అదొక్కటే. కత్తి పడకుండా, దసరాలోపు ఆ సీటెక్కాలి.

అడ్మిషన్‌కి వెళ్ళకుండా ప్రభుత్వ ఆసుపత్రిలో రెండో ఒపీనియన్‌కి వెళ్ళాను. అక్కడి డాక్టరు గారు కాలి బలం, స్పర్శ చూశారు. యూరిన్ కంట్రోల్ గురించి అడిగారు. "ప్రమాద లక్షణాలేవీ లేవు. ఈ బల్జ్, అంటే ఎముకల మధ్య మెత్త ఉబ్బడం, నొప్పి లేనివాళ్ళకీ ఉంటుంది. ఇప్పుడే సర్జరీకి తొందర లేదు" అని ఫిజియోథెరపీకి పంపారు.

ఫిజియో మేడం ఫిల్ము పక్కన పెట్టింది. "అది తర్వాత చూత్తాను. ముందు నువ్వు సెప్పు. ఎలాగుంటే ఎక్కువవుతాది, ఎలాగుంటే తగ్గుతాది? నిద్దరడుతోందా? మళ్ళీ ఏం పని సెయ్యాలనుంది?"

ఇన్ని నెలల్లో నన్నెవరూ అడగని ప్రశ్నలు. సబ్బు రోజు నుంచి వంగడమే మానేశానని చెప్పాను. "నడుం గాజుది కాదు బాబూ" అంది. ఆవిడ వంచి చూస్తే, ముందుకు వంగినప్పుడు నొప్పి పిక్కలోకి దిగుతోంది, వెనక్కి వాలితే పైకి, నడుములోకే వచ్చేస్తోంది. నొప్పి అలా పైకి రావడం మంచి గుర్తట. కాబట్టి ప్రస్తుతానికి బోర్లా పడుకుని చేతుల మీద ఛాతీ లేపే వ్యాయామం. ఆ తర్వాత మెల్లమెల్లగా వంగడం. బండి సీటు ఫొటో తెప్పించుకుని దాన్నీ సరిచేయించింది.

కాలు లాగడం తగ్గింది. ఇక్కడే మా వంశం తెలివి బయటపడింది. నన్ను చూసి బావ కూడా మేడం దగ్గరికి వెళ్ళాడు. బావది క్లినిక్‌లో మామ్మ బాపతు నొప్పి, నిలబడితే ఎక్కువ. వెల్లకిలా పడుకుని మోకాళ్ళు ఛాతీకి ఆనించే వ్యాయామం ఇచ్చింది. ఆదివారం డాబా మీద ఇద్దరం పక్కపక్కన పడుకున్నాం.

"నీది నానూ సేత్తాను, నాది నువ్వూ సెయ్యి బావా. డబల్ పవరు" అన్నాడు.

మా ఇళ్ళలో జ్వరం మాత్ర దగ్గర్నుంచి కళ్ళలో చుక్కల మందు దాకా పంచుకోవడమే మర్యాద. వ్యాయామం మాత్రం ఎందుకు దాచుకోవాలి? మర్నాడు ఇద్దరం మంచాల మీద ఉన్నాం. డబల్ పవరే.

"రేపు కళ్ళజోళ్ళు కూడా మార్సుకుంతారేటి?" అని మేడం మండిపడింది. దసరా దగ్గర పడుతోంది, నేను మళ్ళీ నా వ్యాయామానికే బోర్లా పడుకున్నాను. ఆ వారం నేను జోకులు వేయలేదని అమ్మ భయపడి నాకు జ్వరం చూసింది.

సీటెక్కాను. పండక్కి ముందు, సగం షిఫ్టుతో మొదలుపెట్టి. ఇప్పుడు పూర్తి షిఫ్టు. అరగంటకోసారి దిగి వెనక్కి వాలుతుంటే, ఆకాశంలో విమానం చూస్తున్నాననుకుని కొత్తవాళ్ళు తామూ చూస్తారు. నొప్పి పూర్తిగా పోలేదు. కొన్ని రోజులు వస్తుంది, చుట్టంలా ఉండి వెళ్తుంది. బావ తన్నడం మానలేదు. తన వ్యాయామం మాత్రం తనే చేస్తున్నాడు.

నేను చెప్పేది ఒక్కటే. కాళ్ళలో బలం తగ్గినా, యూరిన్ మీద పట్టు తప్పినా ఆలోచించకుండా ఆసుపత్రికి పరిగెత్తండి. అది కాకపోతే, ఏ వైద్యమైనా ఒప్పుకునే ముందు "నాలో ఏం చూసి ఇది ఇస్తున్నారు?" అని అడగండి. జవాబులో మీరు లేకపోతే చెప్పులేసుకుని వచ్చేయండి. వంగి వేసుకోవడం కష్టమైతే చేత్తో పట్టుకునైనా వచ్చేయండి.