తొమ్మిదో నెల గాజులు

మా అత్తగారు చోవా చూ కాంగ్‌ పేటలోనే పుట్టి పెరిగిన మనిషి. తాతల నాడే కోస్తా నుంచి ఓడెక్కి ఈ దేశం వచ్చేసిన కుటుంబం. ఆవిడ మాట ముందు నా సైన్స్ పార్క్ ఉద్యోగం, డాక్టరేటు అన్నీ దిగదుడుపే. తొమ్మిదో నెలలో ఫ్లాట్‌లోనే సీమంతం చేసి, వాచిన నా చేతులకు సబ్బు రాసి మరీ గాజులు ఎక్కించారు.

"కాన్పయ్యేదాకా ఒక్కటి కూడా తియ్యకూడదమ్మాయ్," అని హుకుం.

ఆఖరి గాజు ఎక్కుతుండగా నా రెండు భుజాల మధ్య ఏదో చీలినట్టు నొప్పి. జన్మలో అంత నొప్పి ఎరగను.

"పొద్దుట్నుంచి సరిగ్గా మకాన్ చెయ్యలేదు, ఏమీ తినలేదు గదా, ఖాళీ కడుపున గ్యాస్ పట్టేసింది. వాము నీళ్లు తాగు," అన్నారు అత్తగారు.

తాగాను. పేరంటం చెడుతుందని, ఇంత చదివినదాన్ని, నోరు మూసుకుని తాగాను. ఒళ్లంతా చెమటలు పట్టి కుర్చీలోంచి జారిపోతుంటే మా ఆయన అంబులెన్స్ పిలిచారు.

ఆసుపత్రిలో కుడిచేతి బీపీకీ ఎడమచేతి బీపీకీ పొంతన లేదు. స్కాన్ చూసి డాక్టరమ్మ దాచకుండా చెప్పింది. గుండె నుంచి బయలుదేరే పెద్ద రక్తనాళం లోపలి పొర చీలింది. ముందు బిడ్డను తీస్తారు, వెంటనే ఛాతీ తెరిచి ఆ నాళం మారుస్తారు. ఆలస్యమైతే ఇద్దరం దక్కం. నాకు చచ్చేంత భయం వేసింది.

ఆపరేషన్‌లో బీపీ కనిపెట్టడానికి మణికట్టులో సన్నని గొట్టం పెట్టాలి. గాజులేమో కదలవు. నర్సు కత్తెర తెచ్చింది. గాజును కత్తెరేం చేస్తుంది? నేను అత్తగారి వంక చూశాను. ముత్తయిదువ చేతి గాజులు పగలగొట్టడమనే మాట మా ఇళ్లలో నోటితో కూడా అనరు.

ఆవిడ నా చేతికి తువ్వాలు చుట్టి, ఆ కత్తెర పిడితోనే టకటకా కొట్టేశారు.

"గాజులదేముంది, మళ్లీ కొనుక్కోవచ్చు. నువ్వు పద," అన్నారు.

"ఆంటీ, సో స్ట్రాంగ్ లా!" అంది నర్సు ఇక్కడి యాసలో.

కూతురు పుట్టింది. నేను బతికాను. ఛాతీ మీద జానెడు మచ్చ చూసుకుంటే ఇప్పటికీ గర్వంగానే ఉంటుంది. వాము నీళ్ల ఊసు ఆవిడా ఎత్తరు, నేనూ ఎత్తను.

పాప బారసాల నాడు ఒక పెద్దావిడ నా బోసి చేతులు చూసి, "సీమంతం గాజులేవీ?" అని గొణిగింది.

"నేనే పగలగొట్టా!" అన్నారు అత్తగారు, గదంతా వినబడేలా. "అందుకే తల్లీ పిల్లా ఇద్దరూ ఇక్కడున్నారు."

అని, సంచిలోంచి కొత్త గాజులు తీసి నా చేతికి తొడిగారు. ఈసారి ఒక సైజు పెద్దవి తెచ్చారు. సబ్బు అక్కర్లేకుండానే ఎక్కాయి.